స్కాట్ పాడటాన్ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఆల్ జరో మీద ఒక వ్యాసం రాస్తున్నాను. అమెరికన్ గాయకుడు, 1940లో మిల్వాకీలో పుట్టి 2017లో లాస్ ఏంజెలెస్‌లో పోయాడు. జాజ్, పాప్, ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) మూడు విభాగాల్లోనూ గ్రామీ గెలిచినవాడు. నా వ్యాసం చదివేవాళ్లలో జాజ్ అలవాటు లేనివాళ్లే ఎక్కువ. అందుకని వీలైనంతవరకు తెలుగు మాటలతోనే నడిపించాలని పట్టుదలగా ఉన్నాను. 'స్కాట్' దగ్గర మాత్రం బండి ఆగిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. పాట మధ్యలో మాటలు వదిలేసి 'షూబి డూబి', 'బా ద్వీ దా' లాంటి అర్థం లేని అక్షరాలతో అప్పటికప్పుడు బాణీ అల్లుకుంటూ పోవడమే స్కాట్. ట్రంపెట్ వాయించేవాడు తన వంతు వచ్చినప్పుడు ఏం చేస్తాడో అదే గొంతుతో చేయడం. 1926లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డింగులో ఉండగా పాట కాగితం కింద పడిపోయిందని, ఆపకుండా నోటికొచ్చిన అక్షరాలతో పాడేశాడని, స్కాట్ అలా పుట్టిందని ఒక కథ చెప్తారు. కథ బాగుంది గానీ అంతకు ముందు రికార్డుల్లోనూ ఈ తరహా పాట ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ వల్ల అది అందరి నోటా పడింది. ఆ తర్వాత ఎల్లా ఫిట్జెరాల్డ్ దాన్ని శిఖరానికి తీసుకెళ్లింది.

నాకు తట్టినవి మూడు: నిరర్థక గానం, స్వరకల్పన, ఆలాపన. మొదటిది రాయడానికి చెయ్యి రాలేదు. తెలుగులో నిరర్థకం అనగానే పనికిమాలినది అనే అర్థమే ముందు తగులుతుంది. మిగతా రెండిట్లో ఏది నయం? ఇంకేదైనా ఉందా?

మాస్టారు:

అమ్మా, స్వరకల్పన అని మాత్రం రాయకండి. కచేరీలో సరిగమలు అప్పటికప్పుడు అల్లే స్వరకల్పనలో మనం పలికేది ఉత్తి అక్షరం కాదు, ఆ స్వరం పేరు. 'గ' అని నోరు అంటే గొంతు గాంధారంలో ఉండి తీరాలి. పిల్లలకు నేర్పేటప్పుడు మేం పట్టుకునే మొదటి తప్పే అది. మీ స్కాట్ గాయకుడికి ఆ కట్టుబాటు లేదు. 'బా' అని ఏ స్వరం మీదైనా నిలవొచ్చు. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకోవడం, రెండింటికీ ఉమ్మడి ఆస్తి, అంతవరకు చుట్టరికం ఉంది.

ఆలాపనలో 'తదరినన' అక్షరాలకు అర్థం లేదు కాబట్టి అది కాస్త దగ్గర. కానీ ఆలాపనకు తాళం ఉండదు, స్కాట్‌కు తాళమే ప్రాణం. ఆలాపన తర్వాత పాడే తానంలో లయ వినిపిస్తుంది గానీ తాళం ఆవర్తం లెక్క ఉండదు. లయను అక్షరాలతో పలికేది కొన్నక్కోల్, అందులో రాగం ఉండదు. అంటే మీ స్కాట్ గాయకుడు ఒక్క గొంతుతో ఒకేసారి చేసే పనిని మన సంగీతం నాలుగు గదుల్లో విడివిడిగా పెట్టుకుంది.

పాత మాటే కావాలంటే ఒకటుంది. సామవేదాన్ని పాడే సామగానంలో 'హావు', 'హోయి' వంటి అర్థం లేని అక్షరాలు వస్తాయి. వాటిని స్తోభాలంటారు. 'స్తోభగానం' అంటే శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది.

అడిగినవారు:

మాస్టారూ, స్తోభం చాలా గొప్ప మాట. నేనెప్పుడూ వినలేదు. కానీ నా పాఠకులూ విని ఉండరు కదా. స్కాట్ అంటే ఏమిటో చెప్పడానికి ముందు స్తోభం అంటే ఏమిటో చెప్పాల్సి వస్తుంది.

మీరు గదుల సంగతి చెప్పగానే నాకు జరో పాడిన 'టేక్ ఫైవ్' గుర్తొచ్చింది. అది పాల్ డెస్మండ్ కట్టిన బాణీ. పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం 1959లో వాద్యాలతో రికార్డు చేసింది. జరో 1977లో వచ్చిన 'లుక్ టు ది రెయిన్‌బో' అనే లైవ్ ఆల్బంలో పాడాడు. యూరప్ కచేరీల రికార్డింగు అది, జాజ్ గానానికి ఆయనకు మొదటి గ్రామీ తెచ్చింది కూడా అదే. అందులో మాటలున్న భాగం తక్కువ. మిగతాదంతా గొంతే. పెదవులు బిగించి బేస్ గిటార్ తీగ లాగినట్టు పలికిస్తాడు, నాలుకను అంగిలికి కొట్టి చేతి డ్రమ్ముల మోత తెప్పిస్తాడు, ఊపిరిని సన్నగా వదిలి వేణువు చేస్తాడు. ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి మారేటప్పుడు గుక్క తిప్పుకున్న జాడే దొరకదు. దీన్నంతా ఒక్క మాటలో పెట్టడం ఎలా అన్నదే నా టెన్షన్.

మృదంగం నేర్చుకుంటున్న సభ్యురాలు:

అక్కా, మీరు చెప్పగానే విన్నాను. చేత్తో తాళం వేసుకుంటూ విన్నాను, అందుకే రాస్తున్నాను. అయిదు మాత్రలు అంటే మనకు ఖండం. మనం మామూలుగా 'తక తకిట' అంటాం. ఈ బాణీ నడక అలా కాదు, మూడు ముందు, రెండు వెనక. 'తకిట తక, తకిట తక' అని చెప్పుకుంటే చక్కగా కూర్చుంటుంది. మొదట్లో మన అలవాటు ప్రకారం వేస్తే ప్రతిసారీ దెబ్బ ఎదురొచ్చింది.

జరో పాడినదే ఇంకొకటి కూడా దొరికింది, 'బ్లూ రోండో ఆ లా టర్క్'. తొమ్మిది మాత్రలు. లెక్క వేస్తే రెండు, రెండు, రెండు, మూడు. తొమ్మిదిని మనం సంకీర్ణం అంటాం. దానికి మా గురువుగారు చెప్పే 'తకధిమి తక తకిట' పెడితే అక్షరం ఎక్కువా తక్కువా లేకుండా పట్టింది! మూడు సార్లు అలా వెళ్లి నాలుగోసారి 'తకిట తకిట తకిట' అని తిరుగుతుంది. ఆ తిరుగుడు దగ్గర మాత్రం ఎవరైనా నిటారుగా కూర్చోవాల్సిందే.

అడిగినవారు:

చెల్లీ, ఇది నా వ్యాసంలోకి తీసుకోవచ్చా? 'బ్లూ రోండో' బ్రూబెక్ కట్టిన బాణీ. ఆ నడక ఆయనకు 1958లో ఇస్తాంబుల్ వీధుల్లో వాయించేవాళ్ల దగ్గర దొరికింది. వాళ్లకది చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన లయ. టర్కీ వీధి నుంచి అమెరికా పియానోకి, అక్కడి నుంచి 1981లో జరో గొంతులోకి వచ్చింది. జరో ఆ బాణీలో ఒక్కొక్క స్వరానికీ ఒక్కొక్క మాట అతికించి, అదే వేగంతో పాడాడు. ఆ పాటకు 1982లో మళ్లీ జాజ్ గ్రామీ వచ్చింది. అదే ఏడాది 'బ్రేకిన్ అవే' ఆల్బంకు పాప్ గ్రామీ కూడా.

ఇక్కడ రెండో ఇబ్బంది మొదలవుతుంది. ఇది స్కాట్ కాదు. వాద్యం మీద పుట్టిన బాణీకి తర్వాత మాటలు కూర్చి పాడటాన్ని 'వోకలీజ్' అంటారు. జాజ్ గాయకుడు జాన్ హెండ్రిక్స్ దీంట్లో పెద్ద చెయ్యి. జాజ్ పియానిస్టు చిక్ కొరియా 'స్పెయిన్' బాణీని కూడా జరో 1980లో మాటలతో పాడాడు. దీనికేమనాలి?

మాస్టారు:

దీనికి వెతుక్కోనక్కర్లేదమ్మా, ఉన్న మాటే ఉంది. స్వరసాహిత్యం. శ్యామశాస్త్రి కృతుల్లో చూడండి. ముందు స్వరాలు పాడి, అదే వరుసలో అక్షరానికి అక్షరం సరిపోయేలా కూర్చిన సాహిత్యం పాడతాం. త్యాగరాజ పంచరత్నాల చరణాల్లోనూ అదే పద్ధతి. బాణీ ధాతువు, మాట మాతువు. ధాతువు ఒకరిది, మాతువు ఇంకొకరిది అయినప్పుడు ఏం తిప్పలు పడాలో చేసినవాళ్లకు తెలుసు. స్వరం పొడుగైనచోట హ్రస్వం వస్తే పాట కుంటుతుంది. మీ గాయకుడు తొమ్మిది మాత్రల్లో ఆ పని చేశాడంటే మాట మీద ఆయనకు ఎంత పట్టుందో వేరే చెప్పక్కర్లేదు.

శ్రీకాకుళం నుంచి ఒక సభ్యుడు:

మా నాన్న బుర్రకథలో వంత. ఆ చనువుతో చెప్తున్నాను. ఇంత దూరం వెళ్లారు గానీ ఇంటి ముందున్న మాటను ఎవరూ ముట్టుకోలేదు. తందనాలు! 'తందాన తాన' అనే అక్షరాలకు అర్థం లేదు. రాగం ఉంది, తాళం ఉంది, గుమ్మెట దెబ్బ ఉంది. అన్నమయ్య అంతటివాడు 'తందనాన ఆహి తందనాన పురె' అంటూ పల్లవి ఎత్తుకున్నాడు. సామాన్యుడికి ఒక్క ముక్క విప్పి చెప్పక్కర్లేదు. 'మాటలు మాని తందనాలు అందుకున్నాడు' అని రాసి చూడండి.

మాస్టారు:

బాబూ, మాట బాగుంది, చెవికి ఇంపుగా ఉంది. కానీ ఒక్కటి ఆలోచించు. 'తానా అంటే తందానా' అని లోకంలో సామెత పడిపోయింది. ముందున్నవాడు ఏమంటే వెనకున్నవాడు అదే అంటాడని. స్కాట్ పాడేవాడు ఎవరికీ వంత కాదు, అతనే కథకుడు. పైగా మీ తందాన తాన కట్టుదిట్టంగా ఒకేలా ఉంటుంది. అతనిది ప్రతి రాత్రీ కొత్తది.

శ్రీకాకుళం సభ్యుడు:

మాస్టారూ, మీమీద గౌరవంతోనే అంటున్నాను. సామెత వంతను తక్కువ చేసింది గానీ స్టేజీ మీద వంత తక్కువవాడు కాదండీ. కథకుడు ఊపిరి తీసుకునే ఆ నాలుగు క్షణాలూ కథను పడిపోకుండా మోసేది వంతే. మా నాన్న జనం ఊపు చూసి తందానాను సాగదీసేవాడు, విరిచేవాడు, గుమ్మెట మీద రెట్టింపు చేసేవాడు. పుస్తకంలో అచ్చైన తందాన తాన ఒకేలా ఉంటుంది. పాడినది అలా ఉండేది కాదు.

మాస్టారు:

ఒప్పుకున్నాను బాబూ. నేను పుస్తకం చూసే అన్నాను.

డల్లాస్ నుంచి ఒక సభ్యుడు:

చర్చ చాలా బాగుంది. అడిగినవారికి ఇంకో విన్నపం. దయచేసి 'ఆత్మ గానం' అని రాయకండి. సోల్‌ను అలా రాయడం చూశాను. నల్లజాతి వాళ్ల చర్చి పాట, ఆర్ అండ్ బి కలిసి 1950లు, 60లలో రూపుదిద్దుకున్న సంగీతం అది. మనకు ఆత్మ అనగానే తత్వాలు గుర్తొస్తాయి. సోల్‌ను సోల్ అనే ఉంచండి. జరో తండ్రి చర్చిలో బోధకుడు, తల్లి అక్కడ పియానో వాయించేది. చిన్నప్పుడు ఆయన పాట నేర్చింది అక్కడే. ఆ రెండు వాక్యాలు చాలు, మాట దానంతట అదే అర్థమవుతుంది.

అలాగే 'బహుముఖ ప్రజ్ఞాశాలి' వద్దు. ఆ బిరుదు మనవాళ్లు ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చి అరగదీశారు. ఆయన ఏం చేశాడో వరసగా చెప్పండి. రిపన్ కాలేజీలో సైకాలజీ చదివాడు. 1964లో అయోవా యూనివర్సిటీలో మాస్టర్స్, అదీ వికలాంగులకు ఉపాధి చూపించే పునరావాస విద్యలో. శాన్‌ఫ్రాన్సిస్కోలో పగలు కౌన్సిలర్ ఉద్యోగం, రాత్రి హాఫ్ నోట్ అనే క్లబ్బులో పియానిస్టు జార్జ్ డ్యూక్ బృందంతో పాట. మొదటి ఆల్బం 'వీ గాట్ బై' 1975లో వచ్చేటప్పటికి ఆయనకు ముప్ఫై అయిదేళ్లు. చాలామంది గాయకులు ఆ వయసుకు పాత రికార్డుల మీద బతుకుతుంటారు. ఈయన అక్కడ మొదలుపెట్టి దాదాపు చివరిదాకా పాడాడు. మధ్యలో 'మూన్‌లైటింగ్' టీవీ సీరియల్ పాట, 1996లో బ్రాడ్వే మీద 'గ్రీజ్' నాటకంలో వేషం. 'హెవెన్ అండ్ ఎర్త్'కు 1993లో ఆర్ అండ్ బి గ్రామీ. పాత మిత్రుడు జార్జ్ డ్యూక్ పోయాక 2014లో ఆయన పాటలతో ఒక ఆల్బం. ఇదంతా చెప్పాక విశేషణం ఎందుకు?

అడిగినవారు:

సర్, సోల్ గురించి మీ మాటే ఖాయం చేస్తున్నాను. బిరుదు తీసేశాను.

మీరు వదిలేసింది ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2006లో గిటారిస్టు జార్జ్ బెన్సన్‌తో కలిసి చేసిన ఆల్బం. బెన్సన్ గిటార్ మీద పేరు తెచ్చుకున్న 'బ్రీజిన్' బాణీకి జరో మాటలు పెట్టి పాడాడు. జరో పాడి పేరు తెచ్చుకున్న 'మార్నిన్' పాటను బెన్సన్ గిటార్ మీద వాయించాడు. ఒకరి వస్తువు ఒకరు మార్చుకున్నారు. ఆ 'మార్నిన్'కు 2007లో వచ్చిన గ్రామీ ఏ విభాగంలోనో తెలుసా? పాప్ వాద్య సంగీతంలో! అందులో జరో పేరూ ఉంది. ఒక గాయకుడికి వాద్య సంగీతం బహుమతి.

అందరి మాటా విని ఆ పేరా ఇలా దిద్దాను, చూడండి:

"స్కాట్ అనేది జాజ్ గాయకులు మాటలు పక్కన పెట్టి తందనాలతో పాడే పద్ధతి. ఆ తందనాలు ముందే కట్టి పెట్టుకున్నవి కావు, ఆ పూట ఆ వేదిక మీద పుట్టేవి. జరో స్కాట్‌లో గొంతు ఒకసారి బేస్ గిటార్, ఒకసారి డ్రమ్, ఒకసారి వేణువు అవుతుంది. ఇతరుల వాద్య బాణీలకు ఆయన స్వరసాహిత్యం కూడా కూర్చాడు."

పేరు స్కాట్ అనే ఉంచాను. ఎవరైనా పాటల యాప్‌లో వెతుక్కోవాలంటే ఆ మాటే కావాలి. అర్థానికి తందనాలు తీసుకున్నాను. స్తోభం మాట వ్యాసం చివర్లో మాస్టారి దయగా ఒక వాక్యంలో వస్తుంది.

మాస్టారు:

బాగుందమ్మా. 'తందనాలతో పాడే' కంటే 'తందనాలు అందుకునే' అంటే పద్ధతి ఇంకా బాగా తెలుస్తుంది. మాటలు ఒకచోట ఆగి, ఇవి అక్కడ మొదలవుతాయి కదా.

శ్రీకాకుళం సభ్యుడు:

నేనూ అదే అనబోయాను మాస్టారూ. ఇంకొకటి అక్కా, 'ఆ పూట ఆ వేదిక మీద' అన్నారు కదా, అక్కడ 'ఆ జనం ముందు' అని కూడా చేర్చండి. తందనాలను సగం పుట్టించేది వాళ్లే.