కాలమ్ పెరిగినప్పుడల్లా కనెక్టర్ కోడ్ మార్చాల్సిందేనా?

గోదారి_జావా:
ఐబీఎం వాళ్ల పాత ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్ వెబ్‌స్ఫియర్ బిజినెస్ ఇంటిగ్రేషన్ మీద, దాన్ని డేటాబేస్‌తో కలపడానికి మేమే రాసుకున్న కనెక్టర్ ఒకటుంది. కస్టమర్‌కి ఒక క్లాసు, ఆర్డర్‌కి ఇంకోటి, టేబుల్ పేర్లు, కాలమ్ పేర్లు అన్నీ జావా కోడ్‌లోనే. డేటాబేస్ వాళ్లు ఒక్క కాలమ్ కలిపితే చాలు, మళ్లీ బిల్డ్, మళ్లీ టెస్టింగ్, మళ్లీ రాత్రి డిప్లాయ్‌మెంట్. ఆ పేర్లు కోడ్‌లో కాకుండా బయటి వివరణలో, అంటే మెటాడేటాలో ఉండి, దాంతో నడిచేలా మార్చమంటున్నారు. అసలు బిజినెస్ ఆబ్జెక్ట్ డెఫినిషన్‌లో (కస్టమర్, ఆర్డర్ లాంటి వాటి రూపాన్ని వివరించే చోట) ఏం పెట్టాలి, కోడ్‌లో ఏం ఉంచాలి?

పాతకాపు:
ప్రతి డెఫినిషన్‌లో అప్లికేషన్ స్పెసిఫిక్ ఇన్ఫర్మేషన్ అని ఒక గడి ఉంటుంది కదా, అసలు పని దానిదే. ఆబ్జెక్ట్ స్థాయిలో టేబుల్ పేరు, ఆట్రిబ్యూట్ (ఆబ్జెక్ట్‌లోని ఒక్కో ఫీల్డ్) స్థాయిలో కాలమ్ పేరు, ఫారిన్ కీ (వేరే టేబుల్‌తో కలిపే కాలమ్), వెర్బ్ (చెయ్యాల్సిన పని) స్థాయిలో క్రియేట్, రిట్రీవ్, అప్‌డేట్, డిలీట్‌లలో దేనికి ఏం పిలవాలో రాయండి. కోడ్ చేసేదల్లా ఆట్రిబ్యూట్లను వరసగా చదివి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కిచ్చే ఆదేశం) కట్టడమే, అది కస్టమరో ఆర్డరో దానికి తెలియాల్సిన పనే లేదు. ఆట్రిబ్యూట్ పేరే కాలమ్ పేరు అనుకుని మాత్రం రాయొద్దు, రేపు ఎవరో పేరు మారుస్తారు, పైగా సిస్టమ్ తన ఈవెంట్ల గుర్తింపు కోసం పెట్టుకునే చివరి ఆట్రిబ్యూట్ ఆబ్జెక్ట్‌ఈవెంట్‌ఐడీ ఏ కాలమ్‌కీ చెందదు.

రూల్స్_వద్దు:
పాతకాపు గారు చెప్పింది నిజమే గానీ దీన్ని మరీ లాగేవాళ్లను చూశా. ఆ గడిలో షరతులు, డిస్కౌంట్ లెక్కలు కుక్కడం మొదలుపెడితే డీబగ్గర్ లేని కొత్త భాష తయారవుతుంది, అంతే. డేటా ఎక్కడ ఉందో డెఫినిషన్ చెప్పాలి. దాంతో ఏం చెయ్యాలన్నది మ్యాపుల్లో (ఒక ఆబ్జెక్ట్ రూపాన్ని ఇంకోదానికి మార్చేవి), కొలాబొరేషన్లలో (బిజినెస్ ప్రక్రియను నడిపేవి) ఉండాలి.

గోదారి_జావా:
థాంక్స్ అన్నా ఇద్దరికీ. ఇంకో టెన్షన్ ఉంది. పోల్చి చూద్దామని రెడీమేడ్ జేడీబీసీ అడాప్టర్‌లో (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే తయారు కనెక్టర్) అయిదు లైన్లున్న ఆర్డర్‌కి మారిన ఒక్క లైన్ మాత్రమే పెట్టి అప్‌డేట్ పంపితే, మిగతా నాలుగూ ఎగిరిపోయాయి!

పాతకాపు:
అది బగ్ కాదు తమ్ముడూ. అప్‌డేట్ అంటే మార్పుల జాబితా కాదు, మార్పు తర్వాత ఆర్డర్ మొత్తం ఎలా ఉండాలో ఆ రూపం. అడాప్టర్ డేటాబేస్‌లో ఉన్నదాన్ని తెచ్చి పోలుస్తుంది, మీరు పంపినదాంట్లో లేని చైల్డ్‌లను (ఆర్డర్ కింద ఉండే లైన్ల లాంటివి) తీసేస్తుంది. కాబట్టి అన్ని లైన్లూ పంపండి, లేదా లేని చైల్డ్‌ను తీసెయ్యొద్దని ఆ చైల్డ్ ఆట్రిబ్యూట్ మెటాడేటాలోనే చెప్పండి. మీ కనెక్టర్‌లోనూ ఇది ముందే తేల్చుకోండి: ఆర్డర్ లైన్లకు యజమాని ఆర్డరే, కానీ రాష్ట్రాల పట్టిక లాంటి లుకప్‌కి ఆర్డర్ యజమాని కాదు, ఆర్డర్ పోయిందని తెలంగాణ రో పోకూడదు. మామూలు కాలమ్‌ల సంగతైతే, ముట్టుకోవద్దంటే సీఎక్స్‌ఇగ్నోర్ అనే ప్రత్యేక విలువ, ఖాళీ చెయ్యమంటే సీఎక్స్‌బ్లాంక్ అనే విలువ పంపాలి. మీ కోడ్ ఈ రెంటినీ ఒకేలా చూస్తోందేమో ముందు అది చూసుకోండి.