జంతువుల నిర్ణయాల మీద కంప్యూటేషనల్ పీహెచ్‌డీ: హైదరాబాద్‌లో కుదురుతుందా?

తార్నాక_07: ఎలుక కుడికి తిప్పాలా ఎడమకి తిప్పాలా అని ఎలా తేల్చుకుంటుందో మోడల్ కట్టే పని మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. బీటెక్ సీఎస్‌ఈ. ఇక్కడే దొరుకుతుందా అన్నా?

గచ్చిబౌలి_న్యూరాన్: సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉన్నాయి. కానీ అక్కడ ఎక్కువగా మనుషుల మీద పని. జంతువులే కావాలంటే బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ), ఐఐఎస్‌సీ న్యూరోసైన్స్ సెంటర్ చూడు. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ వాళ్లకిచ్చే ఫెలోషిప్) నెలకి 37,000, రెండేళ్లయ్యాక 42,000. ఇంటద్దె భత్యం వేరే.

మోడల్_మాస్టారు: ఎక్కడికి అప్లై చేసినా, ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేముందు చేతిలో ఒక పని ఉండాలి. దానికి ఎలుకలు అక్కర్లేదు, ఇంటర్నేషనల్ బ్రెయిన్ లాబొరేటరీ (చాలా ల్యాబ్‌లు కలిసి ఎలుకల మీద ఒకే ప్రయోగం చేసే బృందం) డేటా ఉచితమే. ఎలుక చక్రం తిప్పి స్క్రీన్ మీది గీతల బొమ్మని మధ్యకి తేవాలి. బొమ్మ ఎంత స్పష్టంగా కనపడుతుందో చెప్పే కాంట్రాస్ట్‌లు 0, 6.25, 12.5, 25, 100 శాతం. మొదటి 90 ట్రయల్స్‌లో రెండు వైపులా సమానం, ఆ తర్వాత 80:20 బ్లాకులు, అంటే కొన్ని ట్రయల్స్ పాటు బొమ్మ ఒక వైపే 80 శాతం వస్తుంది, తర్వాత వైపు మారుతుంది. బ్లాక్ ప్రభావం కొలిచేటప్పుడు ఆ 90ని తీసేయండి, లేకపోతే ప్రభావం తక్కువగా కనిపిస్తుంది.

డేటా_పిచ్చి: ఇంకోటి. ఎడమ కాంట్రాస్ట్, కుడి కాంట్రాస్ట్ వేరువేరు కాలమ్స్. బొమ్మ లేని వైపు ఖాళీ ఉంటుంది. రెండూ కలిపి ప్లస్ మైనస్ గుర్తుతో ఒకే అంకె చేస్తే 0 శాతం ట్రయల్స్‌కి వైపు మాయమైపోతుంది. బొమ్మ కనపడకపోయినా ఆ ట్రయల్‌కి సరైన వైపు అంటూ ఒకటుంటుంది; బ్లాక్‌ని బట్టి ఎలుక ఊహించేది అక్కడే! ఆ సరైన వైపుని ఒక కాలమ్‌గా విడిగా దాచుకోండి. ఎలుక ఎంపిక కాలమ్‌లో ప్లస్ ఏ వైపో, మైనస్ ఏ వైపో 100 శాతం ట్రయల్స్‌తో సరిచూసుకోండి.

మోడల్_మాస్టారు: రివార్డ్‌ని బట్టి నేర్చుకునే మోడల్ ఫిట్ చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక్కచోటే. నేర్చుకునే వేగం (ఆల్ఫా) తక్కువ, మంచిదనిపించిన వైపునే కచ్చితంగా ఎంచుకునే తీరు (బీటా) ఎక్కువ పెట్టినా, అటుదిటు చేసినా దాదాపు ఒకేలాంటి ఎంపికలు వస్తాయి. కాబట్టి ముందు 200 కృత్రిమ ఎలుకల్ని సిమ్యులేట్ చేసి, మీరు పెట్టిన విలువలే తిరిగి వస్తున్నాయా చూడండి. రాకపోతే అసలు డేటా జోలికి పోవద్దు. ఆప్టిమైజర్‌ని (డేటాకి బాగా సరిపోయే విలువల్ని వెతికే ప్రోగ్రామ్) కనీసం 10 చోట్ల నుంచి మొదలుపెట్టండి. చేసిందే మళ్లీ చేసే అలవాటుకి ఒక పదం విడిగా చేర్చండి, లేకపోతే ఆ అలవాటంతా ఆల్ఫాలో కలిసిపోతుంది.

గచ్చిబౌలి_న్యూరాన్: జీఎల్‌ఎం-హెచ్‌ఎంఎం (ఎలుక దాగున్న స్థితులు మారుతుంటాయని, ఒక్కో స్థితిలో ఎంపిక తీరు వేరని లెక్కగట్టే మోడల్) కూడా చూడు. ఎలుక ఒకే సెషన్‌లో శ్రద్ధగా ఆడే స్థితికీ, ఒక వైపుకి మొగ్గే స్థితికీ మారుతుంటుంది. స్థితులు ఎన్నో తేల్చేటప్పుడు పరీక్షకి మొత్తం సెషన్లనే పక్కన పెట్టు. విడి ట్రయల్స్ పెడితే పక్క ట్రయల్ సమాచారం లీకవుతుంది.

తార్నాక_07: థాంక్స్ అన్నా. విదేశాల సంగతి?

డేటా_పిచ్చి: లండన్ గాట్స్‌బీ యూనిట్‌లో (కంప్యూటేషనల్ న్యూరోసైన్స్ కేంద్రం) లెక్కలు గట్టిగా అడుగుతారు. జర్మనీలో పీహెచ్‌డీ చాలాచోట్ల జీతంతో కూడిన ఉద్యోగం. వీటికి ముందు న్యూరోమ్యాచ్ అకాడమీ కంప్యూటేషనల్ న్యూరోసైన్స్ కోర్సు చేయి, మూడు వారాలు, ఆన్‌లైన్‌లోనే. ఫీజు మన దేశానికి తగ్గట్టే ఉంటుంది.