ప్లేఆఫ్ ముంగిట జట్టును వదిలి వెళ్లిన కోచ్: తప్పా, ఉద్యోగ ధర్మమా?

మెంఫిస్_మురళి

నేను ఉండేది మెంఫిస్‌లో. ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) జట్టు ఊరు ఆక్స్‌ఫర్డ్ మాకు కారులో గంటన్నర లోపే. పదకొండేళ్లుగా ఆ జట్టు ఆటలు చూస్తున్నాను. సీజన్ అయిపోయినా కడుపుమంట తగ్గలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చూడనివాళ్ల కోసం జరిగింది చెప్తాను. 2025 నవంబరు 28న ఓల్ మిస్ అదే రాష్ట్రంలోని మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీని ఓడించి 11 గెలుపులు, ఒక్క ఓటమితో సీజన్ ముగించింది. ఆ యూనివర్సిటీకి చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్ (జాతీయ టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీ) అందింది. రెండు రోజులకే, 30వ తేదీన, హెడ్ కోచ్ లేన్ కిఫిన్ ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్తున్నట్టు ప్రకటించాడు. ఏడేళ్ల కాంట్రాక్టు, ఏడాదికి దాదాపు 1.3 కోట్ల డాలర్లు. ప్లేఆఫ్ ఆడించాకే వెళ్తానని అడిగాడు. యూనివర్సిటీ ఒప్పుకోలేదు. డిఫెన్స్ చూసే పీట్ గోల్డింగ్‌ని హెడ్ కోచ్ చేసింది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఇది తప్పు. నాట్లు వేయించి, కలుపు తీయించి, తీరా కోతల రోజు పక్క ఊరి ఆసామి ఎక్కువ ఇస్తానన్నాడని కొడవలి గట్టు మీద పెట్టి పోవడం ఇది. పైగా ఆయనకిది కొత్త కాదు. 2009లో టెన్నెసీలో ఒక్క సీజన్ చేసి యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వెళ్లిపోతే అక్కడి కుర్రాళ్లు రోడ్ల మీదకొచ్చి పరుపులు తగలబెట్టారు.

మీరేమంటారు?

బేటన్‌రూజ్_భాస్కర్

మురళి గారూ, నేను ఎల్ఎస్‌యూ ఊళ్లోనే ఉంటాను, కాబట్టి నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. అయినా ఒక్క ప్రశ్న. యూనివర్సిటీలు కోచ్‌ల మీద ఏపాటి విశ్వాసం చూపిస్తున్నాయి?

జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని చూడండి. పెన్ స్టేట్‌లో పన్నెండో సీజన్, వందకు పైగా గెలుపులు. 2025 జనవరిలో జట్టును ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అదే ఏడాది అక్టోబరులో వరసగా మూడు మ్యాచ్‌లు పోగానే తీసేశారు. తొమ్మిది నెలలు! మా ఎల్ఎస్‌యూ కూడా తక్కువ తినలేదు. 2021లో బ్రయన్ కెల్లీకి పదేళ్లకు 9.5 కోట్ల డాలర్లు రాసిచ్చి, నాలుగో సీజన్ మధ్యలో సాగనంపింది. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ జింబో ఫిషర్‌ని వదిలించుకోవడానికి దాదాపు 7.6 కోట్లు బయౌట్ ఒప్పుకుంది. అంటే పని చేయొద్దు, ఇంట్లో కూర్చో, డబ్బు మేమే ఇస్తాం అని.

గెలవకపోతే వాళ్లు ఆగరు. మరి గెలిచినప్పుడు వీళ్లెందుకు ఆగాలి?

ఇంకో సంగతి క్యాలెండర్. ఆ సీజన్‌లో పన్నెండో తరగతి పిల్లలు కాలేజీలకు సంతకం చేసిన రోజు డిసెంబరు 3. ప్లేఆఫ్ మొదలైంది డిసెంబరు 19న. ఆటగాళ్లు జట్టు మారే పోర్టల్ తెరిచింది జనవరి 2న. ఎల్ఎస్‌యూ కోచ్ జనవరి దాకా రాకపోతే ఆ ఏడాది పిల్లలు చేజారినట్టే. కిఫిన్ ఆగుదామనుకున్నా ఎల్ఎస్‌యూ ఆగలేదు.

వీడియోరూమ్_వంశీ

ఇద్దరూ పైమెట్టు గురించే మాట్లాడుతున్నారు. కింది మెట్టు నేను కళ్లారా చూశాను, అది చెప్పాలి.

ఎమ్మెస్ చదివేటప్పుడు నా క్యాంపస్ ఉద్యోగం ఫుట్‌బాల్ జట్టు వీడియో రూమ్‌లో, వారానికి 20 గంటలు. యూనివర్సిటీ పేరు వద్దు. ప్రాక్టీస్ జరుగుతుంటే హైడ్రాలిక్ లిఫ్ట్ మీద నిలబడి కెమెరా తిప్పేవాణ్ని. గాలికి లిఫ్ట్ ఊగుతుంటే మొదటి వారమంతా ఒకటే టెన్షన్. ప్రాక్టీస్ అయ్యాక ప్రతి ఆటనూ ముక్కలుగా కోసి, ఎన్నో డౌన్ (ప్రయత్నం), ఇంకా ఎన్ని గజాలు కావాలి, ఎవరెక్కడ నిలబడ్డారు, అన్నీ ఎక్కించాలి.

అక్కడ ఒక గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ ఉండేవాడు, అందరూ జీఏ అంటారు. కోచింగ్ వృత్తికి అది గుమ్మం. పేరుకు పీజీ విద్యార్థి, పనికి కోచ్, జీతం అద్దెకు చాలీచాలనంత. వచ్చే వారం ఆడబోయే ప్రత్యర్థి ఎత్తుగడలన్నీ స్కెచ్ పెన్నులతో అట్టల మీద గీసేవాడు, ఎత్తుగడకో అట్ట. మర్నాడు రిజర్వు ఆటగాళ్లకు వాటిని ఎత్తి చూపిస్తే, వాళ్లు ప్రత్యర్థిలా ఆడాలి. రాత్రి పదకొండున్నరకు నేను తాళం వేయబోతే, 'తమ్ముడూ, లైటు ఉంచు' అన్నట్టు చేత్తో సైగ చేసేవాడు. చాలాసార్లు అక్కడి సోఫా మీదే పడుకునేవాడు. వేళ్లకు ఎరుపూ నీలం రంగులు ఎప్పుడూ ఉండేవి.

ఆ ఏడాది చివర్లో హెడ్ కోచ్‌ని తీసేశారు. ఒక్క మధ్యాహ్నంలో మిగతా కోచ్‌లందరి ఉద్యోగాలూ గాల్లో కలిశాయి. ఒకాయన భార్య నిండు చూలాలు. పెట్టెలు మోయడానికి సాయం వెళ్లాను. గోడ మీద పిల్లాడి ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు మూడున్నాయి, మూడో గీత పక్కన రాసిన తేదీ ఆ నెలదే.

ఈ వృత్తిలో ఉన్నచోటే కూర్చుంటే ఎదుగుదల ఉండదు. నిక్ సేబన్‌నే తీసుకోండి. 1973లో కెంట్ స్టేట్‌లో జీఏ. తర్వాత సిరక్యూస్, వెస్ట్ వర్జీనియా, ఒహాయో స్టేట్, నేవీ, మిషిగన్ స్టేట్, ఆపైన ప్రొఫెషనల్ జట్టు హ్యూస్టన్ ఆయిలర్స్. హెడ్ కోచ్ అయింది 1990లో, టొలీడోలో. పదిహేడేళ్లు పట్టింది. అక్కడా ఒక్క ఏడాదే ఉన్నాడు. 2006 డిసెంబరులో ప్రొఫెషనల్ జట్టు మయామీ డాల్ఫిన్స్ కోచ్‌గా ఉంటూ, అలబామాకు వెళ్లనని విలేకరుల ముందు తెగేసి చెప్పాడు. రెండు వారాలు తిరక్కుండానే వెళ్లాడు. అక్కడ పదిహేడు సీజన్లు చేసి ఆరు జాతీయ టైటిళ్లు గెలిచాడు. ఇప్పుడాయన్ని ద్రోహి అనేవాళ్లు అలబామాలో కనిపిస్తారా?

ఫ్రిస్కో_పద్మ

వంశీ తమ్ముడూ, ఆ గోడ మీద గీతల మాట చదివి కాసేపు ఆగిపోయాను. కానీ కోచ్‌ల ఇళ్లకే కాదు, మా ఇళ్లకూ గోడలుంటాయి.

మా అబ్బాయి హైస్కూల్లో కిక్కర్. చిన్నప్పుడు సాకర్ ఆడిన కాలు, నలభై గజాల నుంచి కూడా గోల్ తప్పేది కాదు. మూడేళ్ల క్రితం ఒక చిన్న కాలేజీ నుంచి అసిస్టెంట్ కోచ్ మా ఇంటికి వచ్చాడు. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని పెసరట్టు తిన్నాడు. అల్లం పచ్చడి కారానికి కళ్లలో నీళ్లొస్తున్నా ఇంకొకటి వేయించుకున్నాడు. మా అత్తయ్య గారికి ఇంగ్లిష్ రాదు. ఆవిడ చేతులు పట్టుకుని, 'మీ మనవణ్ని నాలుగేళ్లు నేను చూసుకుంటాను' అన్నాడు. నేనే తెలుగులో చెప్పాను ఆవిడకి.

డిసెంబరులో సంతకం చేశాడు మావాడు. మూడు వారాలు కాకముందే హెడ్ కోచ్ పెద్ద యూనివర్సిటీకి వెళ్లిపోయాడు, ఈయన్ని వెంటబెట్టుకుని. కొత్త కోచ్ తన పాత జట్టు కిక్కర్‌ని తెచ్చుకున్నాడు. మావాడితో ఐదు నిమిషాలు ఫోన్‌లో మాట్లాడాడు, అంతే. పెసరట్టు తిన్నాయన ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. మా అత్తయ్య ఇప్పటికీ అడుగుతారు, 'ఆ అబ్బాయి మళ్లీ రాలేదేమే?' అని.

పెద్ద జీతానికి వెళ్లడం తప్పని నేననను. నేనూ రెండు కంపెనీలు మారాను. కానీ నేను మారినప్పుడు నా మాట నమ్మి పద్దెనిమిదేళ్ల పిల్లాడెవడూ ఊరు మారలేదు.

బేటన్‌రూజ్_భాస్కర్

పద్మ గారూ, చదివాను. ఆయన ఫోన్ చేసి ఉండాల్సింది. దానికి ఏ సాకూ లేదు.

అయితే ఇప్పుడు పిల్లలకూ దారి ఉంది కదా. 2021 నుంచి జట్టు మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధన పోయింది.

ఫ్రిస్కో_పద్మ

కాగితం మీద ఉంది భాస్కర్ గారూ. పేరున్న క్వార్టర్‌బ్యాక్‌కి (అఫెన్స్‌ని నడిపే ఆటగాడు) పోర్టల్ రాజమార్గం. చిన్న కాలేజీ కిక్కర్‌కి? ఎవరు పిలుస్తారో తెలీదు, పాత కాలేజీ క్రెడిట్లు కొత్తచోట ఎన్ని లెక్కకొస్తాయో తెలీదు. మావాడు ఇప్పుడు వేరే యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాడు, బాగానే ఉన్నాడు. బంతుల సంచి మాత్రం గ్యారేజీలోనే ఉంది.

హూసియర్_రవి

మా ఇండియానా కోచ్ గురించి చెప్పకపోతే ఈ చర్చకు అన్యాయం చేసినట్టే. కర్ట్ సిగ్నెట్టి 2007 నుంచి అలబామాలో సేబన్ దగ్గర రిసీవర్ల (పాస్ అందుకునే ఆటగాళ్ల) కోచ్. 2009 టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అలాంటివాడు 2011లో, యాభైకి దగ్గర పడుతున్న వయసులో, జీతం బాగా తగ్గించుకుని పెన్సిల్వేనియాలో ఒక డివిజన్ 2 (కింది స్థాయి) కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఒకప్పుడు వాళ్ల నాన్న కోచ్‌గా చేసిన జట్టే అది. అక్కడ ఆరేళ్లు, ఎలాన్‌లో రెండేళ్లు, జేమ్స్ మాడిసన్‌లో ఐదేళ్లు. 2023 చివర్లో ఇండియానా వచ్చాడు. మాది ఓటములకు పేరుపడ్డ జట్టు, ఫుట్‌బాల్ రోజున బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడుకునే ఊరు. రెండో సీజన్‌లో 16–0, జాతీయ టైటిల్. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ముక్కూ మొహం తెలియనివాళ్లు నన్ను కావలించుకున్నారు.

ఆయన కూడా జేమ్స్ మాడిసన్‌ని సీజన్ చివర్లో, ఇంకా బౌల్ గేమ్ (సీజన్ ముగింపు మ్యాచ్) ఉండగానే వదిలి వచ్చాడు. తన ఆటగాళ్లను కొంతమందిని తీసుకునే వచ్చాడు. అందుకే మారడమే పాపం అంటే నేను ఒప్పుకోను. ఎలా మారావన్నది చూడాలి. 2015 డిసెంబరులో కర్బీ స్మార్ట్ జార్జియా హెడ్ కోచ్ ఉద్యోగం ఒప్పుకున్నాక కూడా అలబామా డిఫెన్స్‌ని ఫైనల్ దాకా నడిపి, టైటిల్ గెలిచాకే వెళ్లాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టీ ఒడ్డు చేరొచ్చు.

వీడియోరూమ్_వంశీ

రవి అన్నా, దానికి ఎదురు ఉదాహరణ కూడా కిఫినే. 2016లో అలబామా అఫెన్స్ చూస్తూ ఫ్లోరిడా అట్లాంటిక్ ఉద్యోగం ఒప్పుకున్నాడు. రెండు పనులూ చేయబోతే ఫైనల్‌కి వారం ముందు సేబనే పంపేశాడు. ఆ ఫైనల్ అలబామా ఓడిపోయింది. మొన్న ఓల్ మిస్ 'కుదరదు' అన్నదంటే ఊరికే అనలేదు. మన ఆటగాళ్ల గదిలో కూర్చునే మనిషి, మన ఆటగాళ్లనే పోర్టల్‌లో ఎల్ఎస్‌యూకి పిలవగలడు కదా.

మెంఫిస్_మురళి

వంశీ, సరిగ్గా అదే నా భయం.

ప్లేఆఫ్‌లో ఏమైందో కూడా చెప్పాలి. గోల్డింగ్ కింద జట్టు టులేన్‌ని ఓడించింది. షుగర్ బౌల్‌లో జార్జియాని 39–34తో ఓడించింది. సెమీఫైనల్లో మయామీ యూనివర్సిటీ చేతిలో నాలుగు పాయింట్ల తేడాతో పోయింది. 2009లో సిన్సినాటి 12–0తో ఉండగా, అప్పటి వాళ్ల కోచ్ బ్రయన్ కెల్లీ నోటర్ డామ్‌కి వెళ్లిపోతే, ఆ కుర్రాళ్లు ఇదే షుగర్ బౌల్‌లో ఫ్లోరిడా చేతిలో 51–24తో చిత్తయ్యారు. మావాళ్లకు ఆ గతి పట్టలేదు. ఎల్ఎస్‌యూకి వెళ్లబోతున్న అఫెన్స్ కోఆర్డినేటర్ చార్లీ వైస్ జూనియర్ కూడా వెనక్కొచ్చి ప్లేఆఫ్ పూర్తయ్యేదాకా పని చేశాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, రవి గారు చెప్పిన 'ఎలా మారావు' అన్నది ఇదే.

మయామీ మ్యాచ్ చివరి నిమిషంలో మా పెద్దమ్మాయి నా భుజం పట్టుకుని ఏడ్చింది. ఆ నాలుగు పాయింట్లు ఆయన ఉంటే వచ్చేవా? ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు.

భాస్కర్ గారూ, మీరన్న క్యాలెండర్ మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. 2017 దాకా సంతకాల రోజు ఫిబ్రవరిలోనే ఉండేది. మళ్లీ అక్కడికే తీసుకెళ్లాలి, కోచ్ నియామకాలు ఫైనల్ అయ్యేదాకా ఆపాలి. అప్పుడు పద్మ గారి అబ్బాయి లాంటివాళ్లు తమ కోచ్ ఎవరో తెలిశాకే సంతకం పెడతారు.

బేటన్‌రూజ్_భాస్కర్

దానికి నేనూ చేయెత్తుతాను. కిఫిన్ విషయంలో మాత్రం నా మాట మారదు. సెప్టెంబరులో మీ జట్టూ మా జట్టూ ఆక్స్‌ఫర్డ్‌లోనే తలపడుతున్నాయి కదా, టికెట్లు దొరికితే వస్తాను. అరవండి, పక్కనే కూర్చుని వింటాను.

వీడియోరూమ్_వంశీ

ఈ చర్చ చదివి ఆ జీఏకి చాలా రోజుల తర్వాత మెసేజ్ పెట్టాను. ఇప్పుడు అయిదో యూనివర్సిటీలో రన్నింగ్ బ్యాక్స్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్ల) కోచ్. ఇద్దరు పిల్లలు. మీ పిల్లల ఎత్తు గోడ మీద గీస్తావా అని అడిగాను. చెక్క పలక మీద గీస్తున్నాం, లారీలో ఎక్కించడానికి వీలుగా ఉంటుంది అన్నాడు.