షోనా రాతి శిల్పాన్ని పుట్టించింది ఎవరు?

ప్రశ్న:
జింబాబ్వే రాతి శిల్పాల గురించి ఎక్కడ చదివినా, 1957లో సాలిస్‌బరీలో, అంటే నేటి హరారేలో, ప్రారంభమైన నేషనల్ గ్యాలరీకి తొలి డైరెక్టరైన ఫ్రాంక్ మెకెవన్ పేరే ముందు కనిపిస్తోంది. అక్కడి షోనా జాతి పేరుతో ‘షోనా శిల్పం’ అని పిలిచే ఈ కళను ఆయనే పుట్టించారన్నట్లు రాస్తున్నారు. రాయి మీద ఉలి పెట్టినవారి పాత్ర ఏమిటో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు:
మెకెవన్ చేసిన మేలు కాదనలేనిదే గానీ, ‘పుట్టించారు’ అనడం సరికాదండీ. న్యాంగా కొండసీమలో వ్యవసాయ శాఖ ఉద్యోగి అయిన జోరమ్ మరీగా, మెకెవన్‌ను కలిసేనాటికే మెత్తని రాతిని చెక్కుతున్నారు. ఆ పనితనం చూసి మెకెవన్ వెన్ను తట్టారు. తన మేనల్లుడు జాన్ తకవీరాతో సహా ఎందరికో మరీగాయే పని నేర్పారు. అంతకుముందే సిరీన్ మిషన్‌లో కానన్ ప్యాటర్సన్, సెరీమా మిషన్‌లో ఫాదర్ గ్రోబర్ విద్యార్థులకు కళలు నేర్పించారు. నికొలస్ ముకొంబెరాన్వా సెరీమాలో చదువుకున్నవారే. అయితే 1971లో ఈ శిల్పాలు పారిస్‌లోని రోడాన్ మ్యూజియం దాకా వెళ్లాయంటే అది మెకెవన్ పట్టుదల వల్లనే.

రెండో జవాబు:
టెంగెనెంగె అనే శిల్పుల ఊరిని మరవకూడదు. 1965లో రొడీషియాలోని, అంటే నేటి జింబాబ్వేలోని, తెల్లవారి ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకోవడంతో ఆంక్షలు వచ్చిపడ్డాయి. పొగాకు అమ్ముకోవడం కష్టమై, టామ్ బ్లూమ్‌ఫీల్డ్ అనే రైతు 1966లో అక్కడి తన పొలాన్నే శిల్పుల ఊరుగా మార్చారు. గ్రేట్ డైక్ పర్వతశ్రేణి దగ్గరే కావడంతో శిల్పాలు చెక్కే సర్పెంటైన్ అనే రాయికి కొదవలేదు. ట్రాక్టరు నడిపిన బెర్నార్డ్ మతెమెరా అక్కడే పేరుమోసిన శిల్పి అయ్యారు. మలావీ, అంగోలా, మొజాంబిక్, జాంబియాల నుంచి పనికోసం వచ్చినవారూ అక్కడ చెక్కారు. అందుకే ‘షోనా శిల్పం’ అనే పేరు నాకు ఇబ్బందిగా తోస్తుంది. అది వాళ్లను గడప బయటే నిలబెడుతోంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఈ శిల్పాల్లో కనిపించే నల్లని నిగనిగ రాయిదేనా, రంగు వేస్తారా?

రెండో జవాబు ఇచ్చినవారు:
రాయిదేనండీ. ఉలితో చెక్కి, ఆకురాయితో అరగదీసి, నీళ్లు పోస్తూ గరుకు కాగితంతో నున్నగా రుద్దుతారు. తరువాత రాతిని వేడిచేసి తేనెమైనం పూస్తే, అప్పటిదాకా బూడిదరంగులో ఉన్న రాయి ఒక్కసారిగా నల్లబడి మెరుస్తుంది. కొందరు శిల్పులు తల వెనుకో, పాదాల దగ్గరో తుప్పురంగు పైపొరను కావాలనే చెక్కకుండా వదిలేస్తారు. ఈసారి బొమ్మ చూసినప్పుడు అక్కడ గమనించండి.