మసాచుసెట్స్‌లో పాత ఫైర్‌ప్లేస్‌లో వుడ్ స్టవ్ పెట్టుకోవడానికి పర్మిట్ ఎలా తీసుకోవాలి?

ప్రశ్న: నెల్లూరు టు వూస్టర్

అందరికీ నమస్కారం. వూస్టర్‌కు దగ్గరలోని ఒక చిన్న ఊళ్లో 1960లలో కట్టిన ఇంటిని నిరుడు కొనుక్కున్నాము. ఇల్లు వేడి చేయడానికి ఆయిల్ బాయిలర్ ఉంది కానీ, మంచు తుఫానుకు కరెంటు పోతే ట్యాంకులో ఆయిల్ ఎంత ఉన్నా బాయిలర్ తిరగదని మొన్నటి చలికాలంలో అనుభవానికి వచ్చింది. మా అత్తగారితో సహా ఐదుగురం రెండు రాత్రులు ఒకే గదిలో రగ్గులు కప్పుకొని గడిపాము. హాల్లో ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంది. అందులో మంట వేస్తే ఉన్న వేడి కూడా పొగతో పాటు పైకే పోతోంది. అందుకని అక్కడ వుడ్ స్టవ్ కూర్చోబెట్టాలనుకుంటున్నాము. తెలిసినాయన ఒకరు తన గరాజులో ఉన్న పాత ఇనుప స్టవ్‌ను 200 డాలర్లకు ఇస్తానంటున్నారు. ఉన్న చిమ్నీకే గొట్టం తగిలిస్తున్నాము, కొత్తగా కట్టేది ఏమీ లేదు. అయినా టౌన్ పర్మిట్ తీసుకోవాలా? పని నేనే చేసుకోవచ్చా?

జవాబు: కట్టెలమోపు

తీసుకోవాలండీ. కొత్త చిమ్నీ కట్టినా, పాత చిమ్నీకి తగిలించినా మీ టౌన్ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి పర్మిట్ ఉండాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టిన తరువాతనే మొదటి మంట వేయాలి. మీరు ఉంటున్న సొంత ఇల్లు కనుక పర్మిట్ మీ పేరుతోనే తీసుకొని పని మీరే చేసుకోవచ్చు. అయితే తప్పు జరిగితే బాధ్యత కూడా పూర్తిగా మీదే అవుతుంది.

డబ్బు ఇచ్చేముందు ఆ పాత స్టవ్ వెనుక వైపు టార్చిలైటు వేసి చూడండి. పరీక్షించిన ల్యాబ్ పేరు, గోడలకు వదలవలసిన దూరాలు చెక్కిన రేకు ఒకటి అక్కడ ఉండాలి. దరఖాస్తులో స్టవ్ తయారీదారు, మోడల్, ల్యాబ్ వివరాలు అడుగుతారు. ఇన్‌స్పెక్టర్ ఆ రేకునూ మాన్యువల్‌నూ ముందు పెట్టుకొనే కొలతలు చూస్తాడు. రేకు లేని స్టవ్‌కు, కాలే గోడ ఏదైనా సరే, 36 అంగుళాల దూరం వదలాలి. పైగా 2020 మే 15 తరువాత కొత్తగా అమ్మే స్టవ్‌లు గంటకు 2 గ్రాములకు మించి పొగనుసి వదలకూడదని ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) నిబంధన ఉంది (కొలత ప్రకారం కోసి పేర్చిన చెక్కలకు బదులు మామూలు కట్టెలతో పరీక్షిస్తే 2.5 గ్రాములు). పాతవి దాని దరిదాపులకు రావు. 200 డాలర్లకే వస్తోంది, ఆదా అనుకుంటే కట్టెల ఖర్చులోనే అది పోతుంది.

జవాబు: పాత చిమ్నీ

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, కానీ నా లెక్కన స్టవ్ కంటే ముందు చూడవలసింది చిమ్నీ. ఫైర్‌ప్లేస్ కోసం కట్టిన గొట్టం స్టవ్‌కు చాలా వెడల్పు. మా ఇంట్లో మట్టి టైల్స్ గొట్టం లోపలి కొలత 11 అంగుళాలకు 11 అంగుళాలు, అంటే 121 చదరపు అంగుళాలు. స్టవ్ నుంచి పొగ బయటికి పోయే నోరు 6 అంగుళాల వ్యాసం, అంటే సుమారు 28 చదరపు అంగుళాలు. చిమ్నీ గోడ ఒకటైనా ఇంటి బయటికి ఉంటే గొట్టం వైశాల్యం స్టవ్ నోటికి రెండింతలు దాటకూడదు, పూర్తిగా ఇంటి లోపలే ఉంటే మూడింతలు దాటకూడదు. మాది నాలుగింతలకు పైనే. అంత ఖాళీలో పొగ నింపాదిగా పైకి పోతూ చల్లబడి, క్రియోసోట్ అనే నల్లటి జిగురు గోడలకు పట్టి, ఏదో ఒక రాత్రి అదే అంటుకుంటుంది. కనుక పై నుంచి కింది దాకా 6 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్, అంటే పాత గొట్టం లోపల మరొక సన్న గొట్టం, దింపించాను. స్టవ్ ధరకు ఇది అదనం అని ముందే లెక్క వేసుకోండి. కొత్తగా స్టవ్ తగిలిస్తున్నారు కాబట్టి చిమ్నీ పనివారిని పిలిచి లెవెల్ 2 తనిఖీ, అంటే కెమెరా దింపి లోపలంతా చూసే తనిఖీ, చేయించండి.

ఇక ఇన్‌స్పెక్షన్ సంగతి. మొదటిసారి మాకు పాస్ ఇవ్వలేదు. స్టవ్ తలుపు ముందు 18 అంగుళాల దాకా నేల మీద కాలని పలక ఉండాలని మా మాన్యువల్ చెప్పింది. నేను ఇటుక అరుగు సరిపోతుందనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ టేపు పట్టుకొని నేల మీద దాదాపు పడుకొని కొలిచి, పదహారు అని ఊరుకున్నారు. ఆ రెండు అంగుళాల అవతల ఉన్నది చెక్క ఫ్లోరింగ్. ముందర పరిచే ప్యాడ్ తెచ్చి వేస్తే పది రోజుల తరువాత రెండోసారి వచ్చి సంతకం పెట్టారు. అప్పుడు విసుక్కున్నాను కానీ, జనవరిలో ఒకసారి తలుపు తీయగానే నిప్పుకణిక ఒకటి ఎగిరి సరిగ్గా ఆ ప్యాడ్ మీదే పడింది.

మరొక మాట. గోడ మీద టైల్స్ అంటించేస్తే దూరం తగ్గించవచ్చని చాలామంది అనుకుంటారు. టైల్ వేడెక్కి వెనుకనున్న చెక్కను అలాగే కాలుస్తుంది. గోడకు అడ్డంగా లోహపు రేకు పెట్టి, దానికీ గోడకూ మధ్య అంగుళం ఖాళీ వదిలి గాలి ఆడనిస్తేనే దూరం తగ్గించనిస్తారు.

జవాబు: సుజాత, లోవెల్

ఇన్సూరెన్స్ వారికి స్టవ్ పెట్టకముందే ఫోన్ చేయండి. మావారు తరువాత చెప్పవచ్చులే అన్నారు; పాలసీ రెన్యూవల్‌లో ఇన్సూరెన్స్ వారు ఇన్‌స్పెక్టర్ సంతకం ఉన్న పర్మిట్ కార్డు ఫోటో అడిగారు. అదృష్టవశాత్తు డ్రాయరులో దొరికింది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగది తలుపుకు 10 అడుగుల లోపల ఉండాలన్నది ఈ రాష్ట్రంలో 2006 నుంచి ఉన్న చట్టం. ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు వాటిని కూడా చూశారు. కట్టెలు ఇప్పుడే కొనండి. కట్టెలు అమ్మే కొలత కార్డ్ అంటే 128 ఘనపుటడుగులు, పేర్చి కొలుచుకోండి. శీతాకాలంలో సీజన్‌డ్ (బాగా ఆరినవి) అని అమ్మేది చాలాసార్లు పచ్చి కట్టెలే. తేమ 20 శాతం లోపు ఉందో లేదో మీటరుతో, చీల్చిన ముఖం మీద చూడాలి.

నెల్లూరు టు వూస్టర్

అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు సాయంత్రం బేస్‌మెంట్‌లోకి వెళ్లి చూశాను. బాయిలర్ గొట్టం కూడా ఆ చిమ్నీలోకే పోతోంది. గరాజు స్టవ్‌కు రేకు లేదు, అందుకని వద్దన్నాను. బాయిలర్ సంగతి ఇబ్బందా?

కట్టెలమోపు

కట్టెల స్టవ్ గొట్టంలోకి మరొక ఇంధనంతో నడిచే పరికరం పొగ కలపకూడదు. అయితే అలాంటి చిమ్నీలలో ఇటుకల లోపల బాయిలర్‌కొకటి, ఫైర్‌ప్లేస్‌కొకటి వేరువేరు గొట్టాలు ఉండడం మామూలే. బయటికి వెళ్లి చిమ్నీ తలను చూడండి. రెండు నోళ్లు కనిపిస్తే బహుశా మీకు చిక్కు లేదు, కెమెరా తనిఖీలో రూఢి చేయించుకోండి. ఒకటే ఉంటే బాయిలర్‌కు వేరే దారి చూపించే దాకా పర్మిట్ దరఖాస్తు పెట్టకండి.