రొట్టెల పండుగలో 15 ఎంఎం: డిజిటల్ రేంజ్‌ఫైండర్‌కి ఇంత వైడ్ అవసరమా?

స్వర్ణాల చెరువు:
స్నేహితుడి లైకా ఎం9 (డిజిటల్ రేంజ్‌ఫైండర్, అంటే లెన్సులోంచి కాక పక్క కిటికీలోంచి చూస్తూ, దూరం కొలిచి ఫోకస్ చేసే కెమెరా), దాంతో పాటు 1999 నాటి వోయిట్‌లాండర్ 15 ఎంఎం హీలియార్ అనే బాగా వైడ్ లెన్సు అడిగి తెచ్చుకుని నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ తీశాను. నీళ్లలో దిగిన జనం, చేతుల్లో రొట్టెలు, పైన బోలెడంత ఆకాశం, అంతా ఒక్క ఫ్రేములో పట్టింది. ఇంటికొచ్చి చూస్తే అంచుల్లో ఉన్నవాళ్ల తెల్ల చొక్కాలన్నీ గులాబీరంగు! హోలీ ఆడొచ్చినట్టున్నారు. నన్నడిగితే ఈ కెమెరాలకు 21 ఎంఎం కంటే వైడ్ లెన్సు (ఎంఎం తగ్గేకొద్దీ వైడ్ పెరుగుతుంది) కొనడం డబ్బు దండగ. కాదనేవాళ్లు చెప్పండి.

ఒంగోలు గిత్త:
నేను కాదంటాను. మీరు కలిపిన జోడీలో ఉంది తప్పు. ఆ లెన్సు ఫిల్ము కోసం చేసింది. రేంజ్‌ఫైండర్‌లో లోపల అద్దం ఉండదు కాబట్టి వైడ్ లెన్సు వెనక గాజు బాగా లోపలికి వస్తుంది. దాంతో అంచుల మీద వెలుగు బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ము దాన్ని పెద్దగా పట్టించుకోదు. సెన్సరు అలా కాదు, ఒక్కో పిక్సెల్‌ని సన్నటి బావి అనుకోండి. ఏటవాలు ఎండ బావి అడుగుదాకా దిగుతుందా? కొంత వెలుగు పక్క పిక్సెల్‌లో పడి రంగు చెడుతుంది. ఎం9 సెన్సరు అంచుల్లో మైక్రోలెన్సులను (పిక్సెల్ మీద ఉండే బుల్లి లెన్సులు) కాస్త జరిపి పెట్టారు గానీ ఈ 15కి అది చాలదు. 2015లో వచ్చిన ఈ 15 మూడో వెర్షన్‌ని డిజిటల్ కోసమే మళ్లీ డిజైన్ చేశారు. అది పెట్టి చూసి మాట్లాడండి.

స్వర్ణాల చెరువు:
అది పెద్దది, బరువు కూడా కదన్నా. చిన్నగా ఉంటుందనే కదా ఈ కెమెరా పట్టుకునేది!

చీమకుర్తి రాయి:
రంగు సంగతి అలా ఉంచండి. ఎం9 ఫైండర్‌లో ఫ్రేము హద్దులు చూపే గీతలు 28 ఎంఎం కంటే వైడ్‌కి లేనే లేవు. పైన వేరే ఫైండర్ తగిలించాలి. పైగా ఆ పాత 15కి కెమెరాలో దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌తో లింకే లేదు, దూరం మనమే అంచనా వేసి తిప్పాలి. ఇక రేంజ్‌ఫైండర్ ఉండి ఏం లాభం? గెలాక్సీ గ్రానైట్ క్వారీ అంచున నిలబడి ఒకసారి తీశాను. కెమెరా కాస్త కిందికి వంగిందంతే, నిట్టనిలువు గోడలు పడిపోతున్నట్టు వచ్చాయి. ఆ చిన్న ఫైండర్‌లో అది కనబడనే లేదు. వెనక తెరమీద ఫ్రేము చూస్తూ తీసే లైవ్ వ్యూ ఉన్న ఎం240 లాంటి కెమెరాలైతే సరే.

ఒంగోలు గిత్త:
అంచనా అంటే భయమెందుకు? లెన్సు రంధ్రాన్ని (ఎపర్చరు) ఎఫ్8కి తగ్గించి, ఫోకస్ మీటరు దగ్గర ఉంచితే అర మీటరు నుంచి కనుచూపు మేర దాకా బాగానే వస్తుంది. పండుగ గుంపులో అంతకంటే వేగం ఏముంది? ఆ గులాబీ పోవాలంటే అదే లెన్సుతో, అదే ఎఫ్ నంబరుతో ఒక తెల్లగోడను తీసి, కార్నర్‌ఫిక్స్ అనే అంచుల రంగు సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్ చేసుకోండి.

స్వర్ణాల చెరువు:
చేశాను. చొక్కాలు తెల్లబడ్డాయి, ఒప్పుకుంటున్నా. కానీ మూలన నిలబడ్డ మా మేనత్త ముఖం గుమ్మడికాయలా సాగింది. దానికేం చేయమంటారు?

చీమకుర్తి రాయి:
వచ్చే ఏడాది అత్తను మధ్యలో నిలబెట్టు.