అతిశీతల రిడ్‌బర్గ్ మేఘాల్లో సూపర్‌రేడియెన్స్ నిజంగా జరుగుతోందా?

కాంతిరేఖ:
తరంగదైర్ఘ్యం కంటే చిన్న చోట ఇమిడిన ఉత్తేజిత పరమాణువులు విడివిడిగా కాక ఒక్కుమ్మడిగా కాంతిని విడుదల చేస్తాయని 1954లో భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డికీ చెప్పారు. ఇదే సూపర్‌రేడియెన్స్. బయటి ఎలక్ట్రాన్ చాలా ఎత్తయిన శక్తి స్థాయికి చేరిన పరమాణువే రిడ్‌బర్గ్ పరమాణువు, ఆ స్థాయి సంఖ్య n. n = 30 స్థాయి నుంచి పక్క స్థాయికి దిగితే వెలువడే తరంగం సుమారు 1.2 మిల్లీమీటర్లు. లేజర్లతో చల్లబరిచిన రుబీడియం మేఘం అందులో ఇమిడిపోతుంది. 2007లో అమెరికాలోని కనెక్టికట్ బృందం, దట్టమైన మేఘంలో రిడ్‌బర్గ్ స్థాయిలు త్వరగా ఖాళీ అవుతున్నాయని, పక్క స్థాయిలకు దిగే వేగం వెయ్యి రెట్ల దాకా పెరుగుతోందని ప్రకటించింది. 2016లో వర్జీనియా బృందం రుబీడియంలోనే వెతికి, సామూహిక క్షయం (పరమాణువులు కలిసికట్టుగా స్థాయి దిగడం) జాడే లేదంది. ఎవరి మాట నిలుస్తుంది?

మిల్లీతరంగం:
నా ఓటు కనెక్టికట్‌కే. 1979లోనే పారిస్‌లో సెర్జ్ అరోష్ బృందం సోడియం రిడ్‌బర్గ్ పరమాణువుల్లో దీన్ని చూసింది. లేనిదాన్ని చూశారంటారా?

శూన్యాంకం:
పారిస్ ప్రయోగంలో పరమాణువులు లోహపు అద్దాలున్న కుహరంలో ఉన్నాయి. వెలువడిన తరంగం అద్దాల మధ్య తిరిగి తిరిగి వాటినే తాకుతుంది. ఖాళీలో వేలాడే మేఘానికి ఆ ఆసరా లేదు.

సాంద్రతతో పాటు క్షయం పెరిగింది కాబట్టి సూపర్‌రేడియెన్సే అన్న వాదన నాకు మింగుడు పడదు. సామూహిక ఉద్గార వేగం పరమాణువుల సంఖ్యతో పెరుగుతుంది, నిజమే. కానీ పొరుగు ద్విధ్రువాల (ధన, రుణ ఆవేశాలు ఎడమైనట్టు ప్రవర్తించే పరమాణువుల) మధ్య పరస్పర ప్రభావం దూరపు ఘనానికి విలోమం, అంటే అదీ సాంద్రతతోనే పెరుగుతుంది. మేఘం సైజు మార్చకుండా సాంద్రత రెట్టింపు చేయండి, రెండూ రెట్టింపవుతాయి. తేల్చేది మేఘం సైజుకూ తరంగదైర్ఘ్యానికీ ఉన్న నిష్పత్తే. మేఘం మరీ చిన్నదైతే పొరుగు ప్రభావానిదే పైచేయి. n = 30 వద్ద, 10 మైక్రాన్ల ఎడంలో ఆ ప్రభావం, పౌనఃపున్యంగా చెబితే, 1 మెగాహెర్ట్జ్‌కు కాస్త తక్కువ. పరమాణువులు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి జత జతకూ ఆ విలువ మారుతుంది, మైక్రోసెకను గడిచేసరికి లయ చెదిరిపోతుంది. డికీ కోరిన ఇరుకు చోటే ఇక్కడ అడ్డంకి. ఈ సంగతి చర్చల్లో ఎందుకు పక్కకు పోతుందో నాకు అర్థం కాదు.

మిల్లీతరంగం:
లయ చెదిరితే మెరుపు ఆగాలి కానీ స్థాయి త్వరగా ఖాళీ కాకూడదు కదా? మరి పరమాణువులు ఎటు పోయాయి?

శూన్యాంకం:
గది గోడల నుంచి వచ్చే 300 కెల్విన్ వికిరణాన్ని మరవకండి. 250 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రతి మోడ్‌లో (తరంగం ఉండగల ఒక్కో రూపంలో) దాదాపు 25 ఫోటాన్లు ఉంటాయి. అవి పరమాణువులను పైకీ కిందికీ నెడతాయి.

మిల్లీతరంగం:
అది పలుచని వాయువులోనూ ఉంటుంది. తేడా సాంద్రతతోనే వచ్చింది.

శూన్యాంకం:
అంగీకరిస్తాను, వికిరణం ఒక్కటే చాలదు. అయితే అభిఘాతాలు (ఢీకొనడాలు), అయనీకరణం (ఎలక్ట్రాన్ ఊడిపోవడం) కూడా సాంద్రతతో పెరుగుతాయి. పైగా కొలిచేది కాంతిని కాదు. విద్యుత్ క్షేత్రాన్ని క్రమంగా పెంచి, ఎలక్ట్రాన్ ఊడివచ్చిన సమయాన్ని బట్టి స్థాయిని గుర్తిస్తారు. n = 30కి సెంటీమీటరుకు సుమారు 400 వోల్టులు, 31కి 350. పక్కపక్క సంకేతాలు ఒకదానిపై ఒకటి పడితే పరమాణువు ఏ దారిన వెళ్లిందో చెప్పలేం.

కాంతిరేఖ:
2017లో ఎంఐటీ బృందం బేరియం రిడ్‌బర్గ్ పరమాణువులు విడుదల చేసిన మిల్లీమీటర్ తరంగాన్నే నేరుగా పట్టుకుంది కదా?

శూన్యాంకం:
అవును, అలాంటి సాక్ష్యమే కావాలి. అయితే అది బఫర్ వాయువుతో (చల్లని జడ వాయువుతో) చల్లబరిచిన పుంజం, మైక్రోకెల్విన్ మేఘం కాదు. రుబీడియం మేఘాన్ని పొడవుగా సాగదీసి, కొన వైపు రిసీవర్ పెట్టి వినాలి. సాంద్రత మార్చకుండా పొడవు మాత్రమే పెంచినప్పుడు మెరుపు తొందరగా వస్తే కనెక్టికట్ వైపు నేనూ వస్తాను.